అచ్చు వంటల పత్రికల క్షీణత: ‘గూర్మే’ నుంచి తెలుగు వారపత్రికల వంటల పుట దాకా

వ్యాససంగ్రహం:

ఇరవయ్యో శతాబ్దంలో వంటల పత్రిక ఒక ప్రత్యేక ప్రచురణ ప్రక్రియగా స్థిరపడింది. ఇరవై ఒకటో శతాబ్దపు తొలి రెండు దశాబ్దాల్లో అమెరికాలో అనేక ప్రముఖ వంటల పత్రికల ముద్రణ ఆగిపోయింది. 1941లో వెలువడి 2009లో ఆగిపోయిన ‘గూర్మే’ పత్రికను ప్రధాన ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసం ఆ క్షీణతకు కారణాలను పరిశీలిస్తుంది. పాఠకులు తగ్గడం కన్నా, పత్రికలో కలిసి ఉన్న భిన్న ప్రయోజనాలు అంతర్జాలంలో విడివిడిగా లభించడమే ఈ పరిణామానికి మూలమని ప్రతిపాదిస్తుంది. తెలుగులో వంటకు ప్రధాన వేదికలుగా నిలిచిన స్త్రీల శీర్షికలు, వారపత్రికల పుటల విషయంలో ఈ పరిణామం రూపమెలా మారిందో, సాంఘిక చరిత్ర పరిశోధనపై దాని ప్రభావమేమిటో చర్చిస్తుంది.

కీలకపదాలు: వంటల పత్రికలు, గూర్మే, ముద్రణ సంస్కృతి, అంతర్జాలం, స్త్రీల శీర్షికలు, ఆహార చరిత్ర.

1. ఉపోద్ఘాతం

ఆహారాన్ని గురించిన రచన చాలాకాలం సాహిత్య చరిత్రకారుల దృష్టికి అంతగా రాలేదు. ప్రబంధాల్లోని భోజన వర్ణనలకు దక్కిన గౌరవం వంటకాల తయారీ విధానానికి దక్కలేదు. వర్ణనను కావ్యాంగంగా, తయారీ విధానాన్ని కేవల ఉపయోగ రచనగా భావించడం ఇందుకు కారణం. 1988లో అర్జున్ అప్పాదురై వంటపుస్తకాల ఆధారంగా స్వతంత్ర భారతదేశంలో ‘జాతీయ వంట’ అనే భావన రూపుదిద్దుకున్న తీరును విశ్లేషించారు. వంటపుస్తకాన్ని నగర మధ్యతరగతి చరిత్రకు ఆధారంగా చదవవచ్చని ఆ వ్యాసం చూపింది. పుస్తకానికి వర్తించే ఈ దృష్టి పత్రికకు మరింతగా వర్తిస్తుంది. పుస్తకం ఒకసారి వెలువడి పునర్ముద్రణలు పొందుతుంది. పత్రిక నెలనెలా, వారంవారం మారే రుచులను, ధరలను, పరికరాలను తేదీతో సహా నమోదు చేస్తుంది.

అటువంటి నమోదు ఆగిపోతే చరిత్ర రచనకు కలిగే నష్టమేమిటన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. దానికి సమాధానం వెతకాలంటే వంటల పత్రిక ఏయే పనులు చేసిందో, ఆ పనుల ఖర్చును ఎవరు భరించారో ముందుగా తెలుసుకోవాలి.

2. వంటల పత్రిక ఆవిర్భావం

అమెరికాలో వంటల పత్రికకు పూర్వరంగం పంతొమ్మిదో శతాబ్దం చివర ఏర్పడింది. 1896లో ‘బోస్టన్ కుకింగ్ స్కూల్ మ్యాగజైన్’ మొదలయింది. అదే సంవత్సరం ఆ పాఠశాలకు చెందిన ఫానీ ఫార్మర్ తన వంటపుస్తకాన్ని ప్రచురించారు. కప్పును, చెంచాను తలగొట్టి సమంగా కొలవాలన్న నియమానికి విస్తృత ప్రచారం తెచ్చిన పుస్తకమిది. అంతకు ముందరి పుస్తకాల్లో ‘తగినంత’, ‘గుడ్డంత’, ‘పిడికెడు’ వంటి కొలతలు సాధారణం. వంట తెలిసినవారికే ఆ మాటలు అర్థమవుతాయి. కొలత స్థిరపడిన తరువాత, వంట తెలియనివారు కూడా అచ్చయిన కాగితం చూసి వండగలిగే అవకాశం ఏర్పడింది. తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి చేరే విద్య అపరిచితుల మధ్య కూడా ప్రసారం కావడానికి ఈ కొలతలే ఆధారం.

1885లో మొదలైన ‘గుడ్ హౌస్‌కీపింగ్’ 1900లో సొంత ప్రయోగశాలను నెలకొల్పింది. వంటను పరీక్షించి చూశాకే అచ్చువేయాలన్న సంపాదకీయ నియమానికి ఇటువంటి ఏర్పాట్లు పునాది వేశాయి. ఈ పత్రికలన్నీ ప్రధానంగా గృహిణిని ఉద్దేశించినవి. పొదుపు, పోషణ, శుభ్రత వాటి ఆదర్శాలు. రుచిని, ఆహారానందాన్ని కేంద్రంగా చేసుకున్న పత్రిక రావడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

3. గూర్మే: రుచి నుంచి సాహిత్యం దాకా

1941 జనవరిలో ఎర్ల్ మకాస్లాండ్ ‘గూర్మే’ను ప్రారంభించారు. ఐరోపాలో యుద్ధం సాగుతోంది. ఆ సంవత్సరం ముగియకముందే అమెరికా కూడా యుద్ధంలో దిగింది. 1942లో చక్కెరకు రేషన్ వచ్చింది. అటువంటి కాలంలో విందులను, మద్యాలను, దూరదేశాల వంటలను వర్ణించే పత్రిక నిలదొక్కుకోవడం ఆలోచించవలసిన విషయం. వండుకోవడానికి వీలులేని వంటను గురించి చదవడంలోనూ పాఠకునికి ఒక తృప్తి ఉంటుంది. గూర్మే పాఠకులందరూ అందులోని వంటలన్నీ వండలేదు. వంటల పత్రిక వంటగదిలోకన్నా చదువుకునే కుర్చీలోనే ఎక్కువ కాలం గడిపిందని చెప్పవచ్చు.

ఎమ్.ఎఫ్.కె. ఫిషర్, జేమ్స్ బియర్డ్, ఎలిజబెత్ డేవిడ్, లారీ కోల్విన్ వంటి రచయితలు ఈ పత్రికలో రాశారు. వంటకానికి ముందు వచ్చే వ్యాసం వంటకంతో సమానమైన స్థానాన్ని సంపాదించుకుంది. 1983లో కాండే నాస్ట్ సంస్థ పత్రికను కొనుగోలు చేసింది. 1999లో రూత్ రైషల్ సంపాదకత్వం చేపట్టాక పత్రిక పరిధి విస్తరించింది. వ్యవసాయం, ఆహార కార్మికుల జీవితం, జంతువుల పట్ల నైతిక బాధ్యత మొదలైనవి వస్తువులయ్యాయి. 2004 ఆగస్టు సంచికలో డేవిడ్ ఫాస్టర్ వాలెస్ రాసిన ‘కన్సిడర్ ది లాబ్‌స్టర్’ వ్యాసం ఇందుకు తార్కాణం. ఒక సముద్రాహార ఉత్సవాన్ని గురించి రాయమంటే, మరుగునీటిలో ప్రాణంతో ఉన్న జీవిని వేయడం న్యాయమేనా అని ఆయన ప్రశ్నించారు. వంటల పత్రిక తన పాఠకుల భోజనాన్నే ప్రశ్నించగల స్థాయికి చేరిందనడానికి ఈ వ్యాసం నిదర్శనం.

4. పత్రికను నిలిపిన ఆర్థిక నిర్మాణం

వంటల పత్రికలో కనీసం నాలుగు ప్రయోజనాలు కలిసి ఉండేవి. ఒకటి, వండదగిన తయారీ విధానం. రెండు, దాన్ని పరీక్షించి సరిచూసిన హామీ. మూడు, ఆహారాన్ని గురించిన రచన, ఛాయాచిత్రం. నాలుగు, వ్యాపార సంస్థకు కావలసిన పాఠకవర్గం. మొదటి మూడూ పాఠకులకు ఉపయోగపడేవి. వాటి ఖర్చులో అధికభాగాన్ని నాలుగోది భరించేది. పెద్ద అమెరికన్ పత్రికల్లో చందా ధర సంచిక తయారీ ఖర్చుకు చాలదు. చందాదారుల సంఖ్యను చూపి ప్రకటనల పుటలను అమ్మడమే వాటి ప్రధాన ఆదాయమార్గం.

దీనికి భిన్నమైన పద్ధతీ ఉంది. 1993లో క్రిస్టఫర్ కింబాల్ ప్రారంభించిన ‘కుక్స్ ఇలస్ట్రేటెడ్’ ప్రకటనలు స్వీకరించలేదు. 1986లో ఎడ్వర్డ్ బేర్ మొదలుపెట్టిన ‘ది ఆర్ట్ ఆఫ్ ఈటింగ్’ కూడా అంతే. పాఠకుల చందాపైనే ఆధారపడిన ఈ పత్రికలను, ప్రకటనలపై ఆధారపడిన పత్రికలతో పోల్చి చూస్తే క్షీణతకు అసలు కారణం స్పష్టమవుతుంది. అంతర్జాలం మొదట దెబ్బతీసింది చదివే అలవాటును కాదు, ప్రకటనల పుటను.

5. విడిపోయిన వంటకం

తయారీ విధానానికి ఉన్న ఒక చట్టపరమైన లక్షణాన్ని ఇక్కడ గుర్తించాలి. అమెరికా కాపీహక్కు చట్టం ప్రకారం పదార్థాల జాబితాకు రక్షణ లేదు. 1996లో ‘పబ్లికేషన్స్ ఇంటర్నేషనల్’, ‘మెరిడిత్’ సంస్థల మధ్య నడిచిన వివాదంలో ఏడవ సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం, పెరుగు వంటల పుస్తకంలోని తయారీ విధానాలకు కాపీహక్కు వర్తించదని తీర్పు చెప్పింది. వ్యాఖ్యానం, కథనం, సంకలన క్రమం రక్షణ పొందవచ్చు. ‘ఇంత పిండి, ఇంత నూనె, ఇన్ని నిమిషాలు’ అన్నది మాత్రం ఎవరి సొత్తూ కాదు. పత్రికలోని అత్యంత ఉపయోగకరమైన భాగానికే రక్షణ లేదన్నమాట. ముద్రణాయుగంలో ఈ లోపం పెద్దగా బాధించలేదు. తయారీ విధానాన్ని నకలు చేసి లక్షలమందికి చేర్చాలంటే మరో ముద్రణాలయం కావలసి వచ్చేది. అంతర్జాలం ఆ అడ్డును తొలగించింది.

1995లో కాండే నాస్ట్ సంస్థే ‘ఎపిక్యూరియస్’ అనే వెబ్‌సైట్‌ను ప్రారంభించి, తన పత్రికలైన గూర్మే, ‘బాన్ ఎపెటీ’లలోని వంటలను అందులో ఉచితంగా ఉంచింది. ఒక వంటకం కోసం వెతికే పాఠకునికి అది ఎపిక్యూరియస్ వంటగానే కనిపించింది. దాన్ని పరీక్షించి ప్రచురించిన పత్రిక పేరు వెనక్కి పోయింది. 1997లో సియాటిల్‌లో ‘కుకీ రెసిపీ’ పేరుతో మొదలై తరువాత ‘ఆల్‌రెసిపీస్’గా మారిన వెబ్‌సైట్ మరో అడుగు వేసింది. అక్కడ వంటకాలను రాసేవారూ, వాటికి మార్కులు వేసేవారూ సామాన్య పాఠకులే. సంపాదకుని పరీక్షకు బదులు వేలమంది అభిప్రాయాల సగటు ప్రమాణమయింది.

1993లో ప్రారంభమైన ‘ఫుడ్ నెట్‌వర్క్’ టెలివిజన్ ద్వారా వంటవారిని ప్రసిద్ధులను చేసింది. 2002లో జూలీ పావెల్ అనే ఉద్యోగిని, జూలియా చైల్డ్ తదితరులు 1961లో ప్రచురించిన ఫ్రెంచి వంటపుస్తకంలోని వంటలన్నీ ఏడాదిలో వండుతూ ఆ అనుభవాన్ని బ్లాగులో రాశారు. వంటను గురించిన సాహిత్యానికి కూడా పత్రిక తప్పనిసరి కాదని ఆ బ్లాగు నిరూపించింది. 2005లో యూట్యూబ్ వచ్చాక, పాకం ముదిరే క్షణాన్ని మాటల్లో వర్ణించే అవసరమూ తగ్గింది. ఈ విధంగా నాలుగు ప్రయోజనాలూ నాలుగు దారులు పట్టాయి. తయారీ విధానం వెబ్‌సైట్‌కు, హామీ పాఠకుల మార్కులకు, రచన బ్లాగుకు, ప్రకటన శోధనయంత్రాలకు తరలిపోయాయి.

6. 2009, ఆ తరువాత

2008 ఆర్థిక సంక్షోభం ఈ పరిణామాన్ని వేగవంతం చేసింది. కార్లు, విహారయాత్రలు, విలాసవస్తువుల ప్రకటనలపై ఆధారపడిన గూర్మే తీవ్రంగా నష్టపోయింది. కాండే నాస్ట్ సంస్థ ఖర్చుల తగ్గింపు కోసం మెకిన్సీ సలహా తీసుకుంది. 2009 అక్టోబరు 5న గూర్మేను మూసివేస్తున్నట్లు ప్రకటించింది. నవంబరు సంచికే చివరిది. అప్పటికి పత్రిక ప్రతులు దాదాపు పది లక్షలు. కొత్తగా వెలువడిన ‘గూర్మే టుడే’ వంటపుస్తకం ప్రచారయాత్రలో ఉండగానే సంపాదకురాలికి పత్రిక మూసివేత అనుభవంలోకి వచ్చింది. సంస్థ తన రెండు వంటల పత్రికల్లో బాన్ ఎపెటీని నిలుపుకొంది. దాదాపు పది లక్షల ప్రతులున్న పత్రిక మూతపడడం, పాఠకుల కొరతే కారణమన్న వివరణను బలహీనపరుస్తుంది.

తరువాతి దశాబ్దంలో ఇదే వరుస కొనసాగింది. 1987లో మొదలైన ‘కుకింగ్ లైట్’ 2018లో ‘ఈటింగ్‌వెల్’లో విలీనమయింది. 2022 ఫిబ్రవరిలో ఈటింగ్‌వెల్ ముద్రణనూ నిలిపివేస్తున్నట్లు డాట్‌డాష్ మెరిడిత్ సంస్థ ప్రకటించింది. 2011లో వెలువడి సాహిత్య ప్రశంసలు పొందిన ‘లక్కీ పీచ్’ 2017లో ఆగిపోయింది. ఈ క్రమంలో ఒక తిరోగమన దృశ్యమూ కనిపిస్తుంది. వంటకాలకు కాపీహక్కు లేదన్న 1996 వివాదంలో ఒక పక్షమైన మెరిడిత్ సంస్థే 2012లో ఆల్‌రెసిపీస్‌ను కొనుగోలు చేసి, 2013లో ఆ వెబ్‌సైట్ పేరుతో ఒక అచ్చు పత్రికను తెచ్చింది. వెబ్‌సైట్‌లో పేరు సంపాదించుకున్న వంటకాలు కాగితం మీదికి వచ్చాయి. పత్రిక నుంచి వెబ్‌సైట్‌కు సాగిన ప్రయాణం ఇక్కడ తిరగబడింది.

నిలదొక్కుకున్నవాటిలో పాఠకుల నుంచి నేరుగా రుసుము తీసుకొనే మార్గం ప్రముఖంగా కనిపిస్తుంది. న్యూయార్క్ టైమ్స్ 2014లో ప్రారంభించిన ‘కుకింగ్’ విభాగానికి 2017లో విడిగా రుసుము విధించింది. ముద్రణ ఆపిన ‘సవూర్’ 2024లో మళ్లీ అచ్చులోకి వచ్చింది. పరీక్షకూ రచనకూ విలువ కట్టే పాఠకులు ఇంకా ఉన్నారని ఈ ఉదాహరణలు తెలుపుతున్నాయి. అయితే ఆ పాఠకులు ధర చెల్లించగల వర్గానికి పరిమితం కావడం కూడా గమనించాలి.

7. తెలుగులో వంటల పుట

తెలుగులో వంటకు ప్రధాన వేదిక గూర్మే తరహా ప్రత్యేక పత్రిక కాదు. స్త్రీల పత్రికలు, సాధారణ వారపత్రికల్లోని స్త్రీల శీర్షికలు ఆ పాత్ర నిర్వహించాయి. 1902 నాటి ‘హిందూసుందరి’, 1928లో కె.ఎన్. కేసరి మద్రాసులో ప్రారంభించిన ‘గృహలక్ష్మి’ వంటి పత్రికలు గృహనిర్వహణను అచ్చుకెక్కదగిన విషయంగా నిలబెట్టిన సంప్రదాయానికి చెందినవి. 1952లో మొదలైన ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ దశాబ్దాలపాటు నిర్వహించిన ‘ప్రమదావనం’ శీర్షిక ఈ సంప్రదాయానికి శిఖరం. పాఠకుల ప్రశ్నలకు జవాబులు, లోకజ్ఞానం, వంటలు ఆ శీర్షికలో పక్కపక్కనే ఉండేవి. ఆమె ‘వంటలు-పిండివంటలు’ పుస్తకం పలు ముద్రణలు పొంది, పెళ్లయి కొత్త కాపురానికి వెళ్లే అమ్మాయి సామానులో చోటు సంపాదించుకుంది. నవలాకర్త, అనువాదకురాలు అయిన రచయిత్రి చేతిలో వంట రాత నడవడం వల్ల, తెలుగులో తయారీ విధానానికి సూటియైన వచనం అలవడింది.

ఈ భేదం క్షీణత స్వరూపాన్నీ మార్చింది. అమెరికాలో ఒక వంటల పత్రిక ఆగితే ఆ రోజు, ఆ సంచిక స్పష్టంగా తెలుస్తాయి. తెలుగులో వంటల పుట మరణానికి తేదీ ఉండదు. అది వారపత్రిక నుంచి దినపత్రిక అనుబంధానికి, అక్కడి నుంచి టెలివిజన్‌కు జరిగింది. ‘ఈనాడు’ వసుంధర, ‘ఆంధ్రజ్యోతి’ నవ్య వంటి పుటలు రోజువారీ వేదికలయ్యాయి. 2015లో ‘ఈటీవీ అభిరుచి’ పేరుతో వంటలకే ఒక చానల్ వచ్చింది. 2007 నుంచి సంజయ్ తుమ్మ ‘వహ్‌రే వహ్’ వీడియోలు స్వదేశంలోని, విదేశాల్లోని తెలుగువారికి చేరాయి. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలై డేటా ధరలు పడిపోయాక, చేతిఫోను పల్లెటూరి వంటింట్లోకి కూడా ప్రవేశించింది. కరోనా కాలంలో పలు తెలుగు పత్రికల ముద్రణ ఆగిపోయే నాటికే పాఠకులు వంట కోసం పత్రికను తెరవడం తగ్గిపోయింది.

8. లాభనష్టాల విచారణ

ఈ మార్పును కేవలం నష్టంగా చిత్రించడం చారిత్రక దృష్టి కాదు. అచ్చు వంటల పుట ప్రధానంగా అక్షరాస్య మధ్యతరగతి గృహాన్ని, అందులోనూ కొన్ని ప్రాంతాల, కొన్ని కులాల వంటింటిని ప్రమాణంగా స్వీకరించింది. రాయగలిగినవారి వంటే అచ్చయింది. ‘కంట్రీ ఫుడ్స్’ చానల్ ద్వారా ప్రపంచానికి తెలిసి, 2018 డిసెంబరులో మరణించిన మస్తానమ్మ ఉదాహరణ ఈ పరిమితిని స్పష్టం చేస్తుంది. పొలం గట్టున కట్టెల పొయ్యి మీద, కొలతల ప్రసక్తి లేకుండా వండిన ఆ వృద్ధురాలి వంటకు పాత పత్రికా విధానంలో చోటు దొరకడం కష్టం. కప్పులు, చెంచాల కొలతలు లేని విద్యను అక్షరం పట్టుకోలేకపోయింది. దృశ్యం పట్టుకుంది. తెలంగాణ సర్వపిండి, రాయలసీమ రాగిసంగటి, వివిధ వృత్తికులాల మాంసాహార వంటలు ఈనాడు విస్తృతంగా కనిపించడం వెనుక ఈ మాధ్యమ మార్పు పాత్ర ఉంది.

నష్టం వేరొకచోట ఉంది. అచ్చు సంచిక తేదీతో ముద్రితమై, మళ్లీ మార్చడానికి వీలులేనిది. వెబ్‌సైట్‌లోని వంటకాన్ని ఎప్పుడైనా దిద్దవచ్చు, తొలగించవచ్చు. దిద్దిన జాడ కూడా మిగలకపోవచ్చు. చానల్ మూతపడితే వీడియోలూ మాయమవుతాయి. దీనివల్ల పరిశోధకులు కోల్పోయేదేమిటో ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. భారతదేశంలో తూనికలు, కొలతల చట్టం 1956లో వచ్చింది. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ విధానం దశలవారీగా అమలయింది. సోల, తవ్వ, గిద్దె, వీశె అనే మాటలు వంట రాతలో ఏ సంవత్సరాల్లో గ్రాములకు, కప్పులకు చోటిచ్చాయి? ప్రభుత్వ ఉత్తర్వుకూ వంటింటి ఆచరణకూ మధ్య ఎన్నేళ్ల దూరముంది? వారపత్రికల వంటల పుటలను వరుసగా చదివితే ఈ ప్రశ్నలకు సమాధానం దొరుకుతుంది. కట్టెల పొయ్యి నుంచి కిరోసిన్ స్టవ్‌కు, గ్యాస్‌కు, రోలు నుంచి మిక్సీకి సాగిన మార్పును కూడా ఇదే విధంగా తేదీలతో గుర్తించవచ్చు. ‘రుబ్బుకోవాలి’ అన్న క్రియ ‘మిక్సీ పట్టాలి’ అయిన సందర్భం భాషాచరిత్రకూ సంబంధించినదే.

అటువంటి అధ్యయనం సాధ్యం కావాలంటే సంచికలు మిగలాలి. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రం వంటి సంస్థలు పాత తెలుగు పత్రికలను భద్రపరిచాయి. కథ, కవిత, విమర్శలకు సూచికలు తయారుచేసినంత శ్రద్ధతో స్త్రీల శీర్షికలకూ సూచికలు తయారుచేయవలసి ఉంది. పాఠకులు కత్తిరించి దాచుకొనేదీ, ప్రతిని చింపుకొనేదీ కూడా వంటల పుటే. ఎక్కువగా ఉపయోగపడిన పుటే గ్రంథాలయ ప్రతుల్లో లోపించే ప్రమాదముంది. ఆ కత్తిరింపులు అతికించిన నోటుపుస్తకాలు, అంచుల్లో ‘ఉప్పు తగ్గించాలి’ వంటి చేతిరాతలు గల వంటపుస్తకాలు ఎన్నో ఇళ్లలో అటకల మీద ఉన్నాయి. అవి కూడా పరిశోధనకు ఆకరాలే. ఇల్లు మారేటప్పుడు పాత కాగితాల వానికి తూకానికి పోయేవాటిలో ఇవి ముందుంటాయి.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన విషయాలు:

• వంటల పత్రికల క్షీణతకు పాఠకుల నిరాదరణ ప్రధాన కారణం కాదు. దాదాపు పది లక్షల ప్రతులతో ఉన్న గూర్మే మూతపడడం ఇందుకు నిదర్శనం. ప్రకటనల ఆదాయం పత్రిక నుంచి తరలిపోవడమే నిర్ణాయకమయింది.

• పదార్థాల జాబితాకు, తయారీ సూచనలకు చట్టరక్షణ బలహీనంగా ఉండడం వల్ల పత్రికలోని అత్యంత ఉపయోగకరమైన భాగమే సులభంగా అంతర్జాలానికి తరలింది.

• పరీక్షించి ప్రచురించే సంపాదకీయ బాధ్యత స్థానంలో పాఠకుల మార్కులు, వీక్షణల సంఖ్య ప్రమాణాలయ్యాయి.

• తెలుగులో ఈ పరిణామం పత్రికల మూసివేతగా కన్నా వంటల పుట క్రమంగా వేదికలు మారడంగా సాగింది. అందువల్లనే అది ఎక్కువగా చర్చకు రాలేదు.

• కొత్త మాధ్యమం అచ్చుకెక్కని వంటిళ్లకు గొంతునిచ్చింది. అదే సమయంలో తేదీ గల, మార్పులేని ఆధారాల పరంపరను తెంచింది.

ప్రమదావనం చదివి కాపురం దిద్దుకున్న తరం వృద్ధాప్యంలో ఉంది. వారి దగ్గరి కత్తిరింపులను, నోటుపుస్తకాలను, వాటి వెనుక జ్ఞాపకాలను సేకరించడానికి విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు, చరిత్ర శాఖలు కలిసి పూనుకోవలసిన అవసరముంది. ఈ తరంతో పాటు ఆ కాగితాలూ పోతే, తెలుగువారు ఇరవయ్యో శతాబ్దంలో ఏం వండుకున్నారో, ఎలా కొలుచుకున్నారో చెప్పడానికి ఊహలే మిగులుతాయి.